మొదటి రకం

అనకాపల్లి బెల్లం మార్కెట్లో అప్పలనరసింహం గారు దిమ్మను ముట్టుకోకుండానే రకం చెప్పేస్తారు. తెల్లగా మెరిస్తే మొదటి రకం, నల్లగా ఉంటే పనికిరాని సరుకు. ఇంతటి ప్రతిభ ఒక్క బెల్లానికే పరిమితమైపోతే దేశానికి నష్టం కనుక, ఊళ్ళోకి స్కానింగ్ సెంటర్ వచ్చిన దగ్గర్నుంచి వీధిలోవాళ్ళ ఫిల్ములు కూడా ఆయనే చూస్తున్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఫిల్మును ట్యూబులైటుకేసి ఎత్తి, గొంతు సవరించుకుని తీర్పు చెబుతారు. ఫీజు లేదు, అప్పీలూ లేదు. మొన్న ఎదురింటి నీలవేణి ఫిల్ములో, అండాశయం దగ్గర నల్లటి గుండ్రం చూసి, "సరుకు పాడైపోయిందమ్మా" అనేశారు. ఆ పిల్ల అప్పట్నుంచీ అన్నం మానేసి ఏడుస్తోంది.

ఈ వారం ఆయన భార్య నూకరత్నానికి కడుపు ఉబ్బింది. ఆవిడ ఫిల్ములోనూ అండాశయం దగ్గరే గడ్డ, కాకపోతే తెల్లగా ఉంది. "ఏటీ లేదే, మొదటి రకం!" అని ఆయన సంబరపడ్డారు. డాక్టరమ్మ మాత్రం అదే ఫిల్ము చూసి కుర్చీ ముందుకు జరుపుకుంది. "నల్లగా కనబడేది ఉత్త నీరండీ, చాలావరకు భయం ఉండదు. ఇలా తెల్లగా, గట్టిగా ఉంటేనే కేన్సరేమోనని అనుమానం. విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకి చూపించాకే ఆపరేషన్."

అప్పలనరసింహం గారు ఫిల్మును మళ్ళీ వెలుగుకేసి ఎత్తారు. ఈసారి కళ్ళజోడు నుదుటి మీంచి కళ్ళ మీదికి దించుకున్నారు. నూకరత్నమే దాన్ని ఆయన చేతిలోంచి తీసుకుని కవరులో పెట్టింది.

"నా సంగతి తర్వాత సూద్దాం. ముందు ఎళ్ళి ఆ నీలవేణికి సెప్పండి, దానికేటీ అవలేదని."