నా మనవరాలిని ఏడిపించిన దేవునికి స్తోత్రం

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ఈ పత్రిక చదువుతున్న వారందరికీ, చదువు రాక నాలాగా పక్కవారి చేత చదివించుకుని వింటున్న వారికీ ప్రభువు నామమున వందనాలు! నా పేరు సువార్తమ్మ, మాది నకరికల్లు దగ్గర పల్లె, నేను చెబుతుంటే మా పాస్టరమ్మగారు రాస్తున్నారు, "మెల్లగా చెప్పమ్మా, నేను నీ పక్కనే ఉన్నాను" అంటున్నారు గానీ మెల్లగా మాట్లాడటం నాకు రాదు, ఒకే ఒక్కసారి వచ్చింది, ఆ ఒక్కసారి సంగతే ఈ సాక్ష్యం.

నా భర్త మిరపకోత కూలీలకు మేస్త్రిగా ఉండేవాడు. తెల్లవారకముందే వీధి వీధికీ తిరిగి కేకలేసి ఆడవాళ్ళను లేపి చేలకు తోలుకుపోవడం ఆయన పని. ఆయన గుండెనొప్పితో ఉన్నపాటున పోయాక ఆ పని నా నెత్తిన పడింది, ఊరంతా లేచేలా అరిచి అరిచి నా గొంతు చిరిగిన తాటాకులాగా అయిపోయింది, మళ్ళీ అతుక్కోలేదు. బయట అంత అరిచి ఇంటికి వస్తే ఇంట్లో చప్పుడే ఉండేది కాదు సహోదరులారా! ఆయన దగ్గు లేదు, ఆయన తిట్టు లేదు, అన్నం గిన్నె మీద మూత పెడితే ఆ మోతకే నేను ఉలిక్కిపడేదాన్ని. ఎందుకు బతికున్నానా అని గోడకు ఆనుకుని కూర్చున్న రోజులవి.

అలాంటి ఇంట్లోకి దేవుడు నా కోడలు సునీత కడుపున ఒక ఆడపిల్లను పంపాడు. రంగు తల్లిది, ముక్కు తండ్రిది, గొంతు మాత్రం నాది! కీర్తన అని పేరు పెట్టుకున్నాం. ఆ పిల్ల ఏడుపు మొదలుపెడితే మా వీధి కుక్కలు లేచి పక్క వీధికి పోయేవి. మొదట్లో ఆ ఏడుపు నాకు పాటలాగా ఉండేది, కానీ మందిరంలో మాత్రం తలవంపులుగా ఉండేది, ఎందుకంటే శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను ఒక పక్క, ఇది ఒక పక్క అరుస్తుంటే మధ్యలో మా పాస్టరు అయ్యగారి వాక్యం ఎవరికీ వినపడేది కాదు. ఆయన మంచి మనిషి, ఏమీ అనేవారు కాదు, వాక్యం ఆపి చేతిగుడ్డతో కళ్ళద్దాలు తుడుచుకునేవారు. ఆ అద్దాలు అంత శుభ్రంగా ఇంకెప్పుడూ ఉండేవి కావు! అందుకని నేను మోకరించినప్పుడల్లా, "ప్రభువా, దీని నోరు కాసేపు మూయించు నాయనా, నీ సన్నిధిలో నా పరువు కాపాడు" అని ప్రార్థించేదాన్ని.

పిల్లకు ఇంకా ఏడాది నిండలేదు. మిరపకాయ కల్లాల్లో ఎండే రోజులు, నా కొడుకు లోడుతో గుంటూరు యార్డుకు పోయి ఉన్నాడు. పిల్లకు జలుబు చేసింది, జ్వరం తగిలింది, పాలు సరిగా తాగడం లేదు. శుక్రవారం వచ్చింది, ఆసుపత్రికి పోదామత్తా అని సునీత అంటే, ముందు మందిరానికి పోయి ప్రార్థన చేయించుకుని అటునుంచి అటే పోదాంలే అన్నాను. అయ్యగారు పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, నుదుట ఒక్క చుక్క అభిషేక తైలం రాశారు. ఆయన అంతటితో ఆపారు, కానీ మా సంఘంలో ఆడవాళ్ళ సంగతి మీకు తెలియదు! ఏ ప్రార్థన కూటాలకు పోయినా ఎవరి నూనె సీసా వారు పట్టుకుపోయి ప్రార్థన చేయించి తెచ్చుకుంటారు, ఒకామె సీసా గొప్పదని ఇంకొకామె ఒప్పుకోదు. ఒకామె కొబ్బరి నూనెతో గుండెలకు రాసింది, ఒకామె ఒలీవ నూనెతో వీపుకు రాసింది, తన వంతు రాకుండా పోతుందేమోనని ఇంకొకామె ఖాళీ సీసాలో ఇంట్లోని వేరుశనగ నూనె పోసి ప్రార్థించి తెచ్చి కాళ్ళూ చేతులూ పట్టించింది. నేను ఊరుకుంటానా? నా సీసా తీసుకుని మిగిలినచోటల్లా పూశాను. పిల్ల జారిపోతుందని సునీత చీర కొంగుతో పట్టుకుంది.

అప్పుడు, సహోదరులారా, పొద్దుటినుంచి గుక్కపట్టి ఏడుస్తున్న పిల్ల ఏడుపు ఆపేసింది!

హల్లెలూయా అని నేను కేకేశాను, సంఘమంతా కేకేసింది, డోలక్ కొట్టే ఆయన చెప్పకుండానే అందుకున్నాడు, చప్పట్లు మోగిపోయాయి, నా ప్రార్థన ఇన్నాళ్ళకు విన్నాడు ప్రభువు అని నేను రెండు చేతులూ ఎత్తి ఎగిరాను. అందరిలో ఒక్క సునీత చప్పట్లు కొట్టలేదు.

"అత్తా, పిల్ల ఏడవట్లా."

"ఏడవకపోతే మంచిదే గదే పిచ్చిదానా, స్తోత్రం చెప్పు!"

"స్తోత్రం తర్వాత చెబుతా, ముందు దీని డొక్కలు చూడత్తా!"

గౌను పైకెత్తింది. పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంటలు పడి లేస్తోంది, గొంతు కింద కూడా గుంట పడుతోంది, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి, పెదవులు నేరేడు పండు తిన్నట్టు ఉన్నాయి. ఏడవడానికి దాని దగ్గర ఊపిరి మిగలలేదు! నా ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

మందిరం ముందు మా పక్కింటి మస్తాను ఆటోలో మిర్చి బస్తాలు వేసుకుని పోతున్నాడు. నా కేక విని బండి ఆపి, సంగతి చూసి, అడగకముందే బస్తాలు రోడ్డు మీదికి దొర్లించాడు. అంతలోకే సంఘంలో సగం మంది ఆటో ఎక్కేశారు, డోలక్ కూడా ఎక్కింది. మస్తాను దణ్ణం పెట్టాడు.

"అమ్మా, దిగండి తల్లీ! ఇంతమంది ఎక్కితే బండి ఇక్కడే ఉంటది. మీరు ఇక్కణ్ణించి చెప్పినా ఆయనకి వినపడుద్ది!"

"మరి సువార్తమ్మ?"

"ఆ పెద్దమ్మని ఎక్కించుకుంటాలే, దారిలో హారన్ కొట్టే పని తప్పుద్ది."

మిర్చి ఘాటు పిల్లకు తగలకుండా సునీతను గాలి వచ్చేలా ముందు తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేనూ పాస్టరమ్మగారూ వెనుక బస్తాల్లోంచి రాలిన మిరప గింజల మీద కూర్చున్నాం. నరసరావుపేట దాకా నా ప్రార్థన ఏమిటంటే, "ప్రభువా, హాచ్, నా తండ్రీ, హాచ్, పిల్లను కాపాడు, హాచ్!" పాస్టరమ్మగారు ఆమెన్ అనబోయి తుమ్మేవారు. ఇది రాస్తూ ఆమె ఇప్పుడు కూడా నవ్వుతున్నారు, కానీ ఆ వేళ ఇద్దరి కళ్ళల్లో నీళ్ళు మిర్చి వల్లనో పిల్ల వల్లనో మాకే తెలియదు.

ఆసుపత్రి గుమ్మంలో తెల్ల చొక్కా వేసుకున్న నర్సమ్మ పిల్లను ఒక్క చూపు చూసింది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు, పిల్లను లాక్కుని లోపలికి పరిగెత్తింది, మేము వెనకే పరిగెత్తాం. పిల్లను బల్ల మీద వేసి, భుజాల కింద తువ్వాలు మడిచి పెట్టి మెడ సరిచేశారు, ముక్కులో గొట్టంతో చీమిడి లాగారు, ముఖానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. ఒకరు ఊపిరి లెక్కపెడుతున్నారు, చిన్న వయసు డాక్టరమ్మ పిల్ల గుండె మీద వేలితో నొక్కి వదిలి, ఆ తెల్లని మచ్చ ఎంతసేపటికి ఎర్రబడుతుందోనని చూస్తోంది. పేపరు మీద గీతలు కాదు, మాటలు కాదు, అందరూ పిల్లనే చదువుతున్నారు!

ఇక చిక్కు వచ్చింది. వేలికి క్లిప్పు పెడితే జారి కింద పడింది. కాలి వేలికి పెడితే అక్కడా జారింది. గుండె చప్పుడు చూపించే స్టిక్కర్లు ఒకటి అంటిస్తే ఒకటి ఊడింది. చేతికి సూది ఎక్కించి టేపు వేస్తే టేపు నిలవలేదు.

"ఏం పూశారమ్మా పిల్లకి?" అంది డాక్టరమ్మ.

"అభిషేక తైలం తల్లీ."

"ఎవరు పూశారు?"

"సంఘమంతా."

"బజ్జీలు వేసేదానికి తెచ్చినట్టు తెచ్చారు గదమ్మా! ఆక్సిజన్ పెట్టేచోట ఇంత నూనె ఉండకూడదు. సిస్టర్, తుడవండి, తొందరగా!"

నర్సమ్మలు గుడ్డలు పెట్టి మా సంఘం భక్తినంతా తుడిచేశారు. నాకు ఆగలేదు, గొంతెత్తాను, "ప్రభువా దిగి రా, ఈ బల్ల దగ్గరికి దిగి రా!" అని గోడలు అదిరేలా అరిచాను. డాక్టరమ్మ చెవుల్లో గొట్టం పెట్టుకుని పిల్ల గుండెల మీద వంగి ఉంది.

"బయట ఆ మైకు ఎవరిదో ఆపించండి! నాకు పిల్ల ఊపిరి వినపడట్లేదు."

"మైకు కాదు డాక్టరమ్మా, మా అత్త," అంది సునీత.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో, అందుకే నాకు భయం వేసింది. "అమ్మా, ఏడ్చే పిల్లంటే నాకు భయం లేదు. ఊపిరి ఆడక ఏడుపు ఆపేసిన పిల్లంటేనే భయం. దీని ఊపిరి నేను వినాలి. నోరు మూసుకుని ప్రార్థన చెయ్యి," అంది.

అంతలోనే పిల్ల ఊపిరి ఆగింది.

నర్సమ్మ పిల్ల ముఖం మీద మాస్కు అదిమి పెట్టి, దానికి తగిలించిన సంచిని మెల్లగా నొక్కుతోంది, వదులుతోంది. ఒక్కో నొక్కుకు నా మనవరాలి గుండెలు లేస్తున్నాయి, వదిలితే దిగుతున్నాయి. అంటే ఆ క్షణంలో నా పిల్ల ఊపిరి ఒక పరాయి ఆడబిడ్డ పిడికిట్లో ఉంది సహోదరులారా! నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. కూలీలను లేపిన నోరు, కూటాల్లో మైకును ఓడించిన నోరు, జీవితంలో మొదటిసారి మూసుకుని మోకరించాను. లోపల మాటలు రాలేదు. చప్పుడు చేయకుండా ప్రార్థించడం నాకు ఎవరూ నేర్పలేదు గదా! చివరికి ఒక్క మాట వచ్చింది: "ప్రభువా, పిల్లను ఏడిపించు. నేను ఇన్నాళ్ళు అడిగినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, దీన్ని ఏడిపించు నాయనా."

ఎంతసేపు అలా ఉన్నానో నాకు తెలియదు. "తనంతట తాను తీసుకుంటోంది" అన్న మాట వినపడింది. పిల్ల ముక్కుకు గొట్టాలు పెట్టి, వాటి కొసను నీళ్ళ సీసాలో ముంచారు, గాలి ఆ నీళ్ళలోంచి బుడబుడమంటుంటే అన్నం ఉడుకుతున్నట్టు ఉంది. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు, మందులు ఎక్కిస్తున్నామన్నారు, గండం ఇంకా పూర్తిగా దాటలేదన్నారు. నా కొడుకు గుంటూరు నుంచి వచ్చి, నేను మాట్లాడకుండా కూర్చుని ఉండటం చూసి, పిల్ల పోయిందనుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు! పిల్ల బతికే ఉందని సునీత చెప్పినా వాడు నమ్మలేదు, నేను కొంగు తీసి, "ఒరేయ్, లేచి ముఖం కడుక్కో!" అని తిట్టాక నమ్మాడు.

మర్నాడు పొద్దున అందరూ ఇడ్లీలు తింటున్న వేళ, నర్సమ్మ సూది మార్చడానికి పిల్ల చెయ్యి పట్టుకుంది. మొదట పిల్లికూనలాగా ఒక చిన్న మూలుగు వచ్చింది. తరువాత పెదవి వంకర పోయింది. ఆ తరువాత, దేవునికే మహిమ, నా కీర్తన నోరు తెరిచి ఆ వార్డు వార్డంతా దద్దరిల్లేలా ఏడ్చింది! అవతల మంచం దగ్గర ఒకాయన చేతిలో ఇడ్లీ పడిపోయింది.

"ఎవురమ్మా ఆ పిల్ల, అంత గొంతు?"

"నా మనవరాలు!" అని నేను అరిచాను, ఎగిరాను, నర్సమ్మ కాళ్ళు పట్టుకోబోతే ఆమె వెనక్కి గెంతింది. డాక్టరమ్మ వచ్చి చూసి నవ్వింది. "ఇప్పుడు అరువమ్మా, నీకు పర్మిషన్" అంది. సహోదరులారా, తీరా అరవమంటే నాకు గొంతు రాలేదు, ఏడుపే వచ్చింది.

పిల్లను ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మాకు నేర్పింది. డొక్కలు లోపలికి పోతున్నా, ఊపిరి మరీ జోరుగా ఆడుతున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నల్లబడినా, పిల్ల మగతగా వాలిపోయినా ఒక్క నిమిషం ఆగకుండా రమ్మంది. నేను దాన్ని వాక్యంలాగా కంఠతా పట్టి శుక్రవారం కూటంలో చెప్పాను. ఇప్పుడు మా సంఘంలో ఎవరైనా పిల్లను ప్రార్థనకు తెస్తే ఆడవాళ్ళం ముందు గౌను ఎత్తి డొక్కలు చూస్తాం, తరువాతే అయ్యగారి వేలి మీద ఒక్క చుక్క నూనె. తేడా కనిపిస్తే ప్రార్థన ఆటోలోనే. మస్తాను నంబరు అందరి ఫోన్లలో ఉంది. సీసాల ఆడవాళ్ళు అలిగారు, ఆ నూనెతో ఆదివారం ప్రేమ విందుకు గారెలు వండాం, అలక పోయింది.

నన్ను కొందరు అడుగుతున్నారు, కాపాడింది డాక్టరమ్మ గదా, దేవునికి సాక్ష్యం ఎందుకని. నాయనలారా, నేను ఏమీ చదువుకోలేదు, నాకు తెలిసింది చెబుతాను. ఆ సంచి నొక్కిన చేతిని ఆ వేళకు అక్కడ ఉంచింది ఎవరు? చప్పట్ల మధ్య డొక్కలు చూసే కళ్ళు నా కోడలికి ఇచ్చింది ఎవరు? అడగకుండా బస్తాలు దించే మనసు మస్తానుకు పెట్టింది ఎవరు? నేను అడిగిన తప్పు ప్రార్థన వినకుండా ఉన్నది ఎవరు? ఆయనకే స్తోత్రం!

కాబట్టి కన్నీళ్ళతో ఉన్నవారు, ఇంట్లో చప్పుడు లేక నాలాగా గోడకు ఆనుకుని కూర్చున్నవారు ఆయనను నమ్మండి, గట్టిగా పిలవండి, నోరు పెగలకపోతే కొంగు నోట్లో పెట్టుకుని పిలవండి, అదీ వింటాడు, నేను చూశాను. శుక్రవారం మా మందిరానికి రండి. ఏడ్చే పిల్లలను ఎత్తుకుని రండి, మా దగ్గర ఎవరూ బయటికి పొమ్మనరు, అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకోవడం కూడా మానేశారు, పిల్ల ఏడిస్తే వాక్యం ఆపి "ఆమెన్" అంటున్నారు. దారి తెలియకపోతే ఎవరినీ అడగక్కర్లేదు. ఊళ్ళోకి వచ్చి నిలబడండి, కేక వినపడిన వైపు నడవండి. అది నాది కాకపోతే నా మనవరాలిది.