పలచని గాలిని నమ్ముకున్న షామియానా

తెనాలిలో షామియానాలు కట్టే మా బావ వెంకటరత్నానికి ఉన్న పెద్ద రోగం, కళ్ళతో చూసిందే శాస్త్రం అనుకోవడం. అల్లుడు సైన్యంలో ఉన్నాడని మొన్న వేసవిలో లేహ్ కొండల మీదికి వెళ్ళొచ్చాడు. అప్పటినుంచీ నా ప్రాణం తోడేస్తున్నాడు.

"అరవై కిలోమీటర్ల గాలిరా పున్నారావూ! ఫోన్లో చూశా. గుడారం నాలుగు తాళ్ళ మీద కదిలితే ఒట్టు! మనమే ఊరికే తాళ్ళు తగలేస్తున్నాం."

బాపట్ల సూర్యలంక దగ్గర, సముద్రం ఒడ్డున, జాలరి పోలమ్మ మనవరాలు జ్యోతిలక్ష్మి ఓణీల పండగకి ఆ వేదాంతాన్నే అమలు చేశాడు. ఇసుకలో మేకులు నిలవవు గనక తాళ్ళ చివర ఇసుక బస్తాలు కట్టి పాతిపెట్టడం మా పద్ధతి. ఈయన మేకులే దిగ్గొట్టి, సగం తాళ్ళు చాలన్నాడు. గోనె సంచులు షెడ్డులోనే వదిలేయించాడు. నేను మొత్తుకుంటే, "నువ్వు కొండలు చూశావా ఏంటి?" అన్నాడు. చూడలేదు. సముద్రం చూశాను.

పిల్లని పీట మీద కూర్చోబెట్టగానే గాలి లేచింది. మేకులు ముల్లంగి దుంపల్లా ఊడొచ్చాయి. దించేద్దామన్నాను.

"శుభకార్యం ముగియకుండా పందిరి దించుతారా! అపశకునం బాబూ, వద్దు!" అని పోలమ్మ తనే ఒక తాడు పట్టుకుంది. వలలు లాగిన చేతులు ఆమెవి. చుట్టాలందరూ తలో తాడూ అందుకున్నారు. చుట్టూ కావలసినంత ఇసుక, సంచులేమో తెనాలిలో!

ఒళ్ళు మండి, నా తాడు నడుముకి చుట్టుకుని, లేహ్‌లో ఉన్న బావ కూతురు లిఖితకి ఫోన్ చేశాను. సంగతి చెప్పి స్పీకర్ పెట్టాను.

"నాన్నా, ఇక్కడ మేడ మెట్లెక్కి ఆయాసంతో కూలబడ్డావు, మర్చిపోయావా? ఎత్తుకి వచ్చేకొద్దీ గాలి పలచన. మనూరి గాలిలో ఇక్కడ మూడింట రెండొంతులే ఉంటుంది. వేగం అంతే ఉన్నా తోపు ఆ మేరకి తగ్గుద్ది. ఊపిరికే చాలని గాలి గుడారాన్నేం లేపుద్ది?"

బావ తన తాడుని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

అక్షింతలు వేసే వేళైంది. వేయడానికి ఒక్క చెయ్యీ ఖాళీ లేదు. చివరికి ఆ పిల్లే పీట దిగి, ఒక్కో తాడు దగ్గరికీ వెళ్ళి తల వంచింది. పోలమ్మ మనవరాలి నెత్తిన గడ్డం ఆనించి దీవించింది. పిల్ల బావ దగ్గరికీ వచ్చి తల వంచింది. దీవించడానికి చెయ్యెత్తితే పందిరి ఎగిరిపోతుంది. అంత మనిషీ వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఏడుపు తర్వాత, ముందు తాడు పట్టుకో బావా," అన్నాను.