బంతి ఎక్కడ పడిందో మళ్లీ చెప్తాను, సోమేశు బావా

నిన్న పొద్దున్న కాఫీ గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది. పలాస నుంచి సోమేశు బావ కొడుకు ఫోన్.

"మావా, నాన్న ఎల్లిపోయినాడు."

ఏటి, ఎల్లిపోవడమేటి? మొన్న సాయంత్రమేగా నాతో అంతసేపు మాట్లాడాడు! ఫోన్ పెట్టేసి అలా కూర్చుండిపోయాను.

బావ అంటే చుట్టరికం కాదు. పంతొమ్మిది వందల అరవైల చివర్లో నౌపడ ఉప్పు మళ్ల దగ్గర ఒకే ఆఫీసు, ఎదురెదురు టేబుళ్లు. ఇద్దరం గుమస్తాలం. వాళ్లది పలాసలో పూజారుల ఇల్లు. మాది సంతబొమ్మాళి పక్కన వ్యవసాయం. మావైపు స్నేహం ముదిరితే బావా అనే పిలుచుకుంటాం, అంతే.

పిల్లలకి తెలీదు గానీ, మీ సోమేశు తాత గోల్ఫ్ ఆడాడర్రా. అవును, గోల్ఫే. నౌపడలో. పంచె కట్టుకుని.

నవ్వండి, నవ్వండి. ఆరోజు కూడా ఇలాగే నవ్వారు.

మా మేనేజరుకి గోల్ఫ్ పిచ్చి. ఉప్పు మళ్ల పక్కన గట్టినేల చూసి, బంతి పడే గుంతలకని డబ్బాలు పాతించాడు. ఆదివారం వస్తే విశాఖపట్నం ఫ్రెండ్స్‌తో అక్కడే ఆట. మేం గట్టు మీద నిలబడి చూసేవాళ్లం.

ఓ ఆదివారం ఆ ఫ్రెండ్స్‌లో ఒకాయన సరదాకి బావ చేతికి కర్ర ఇచ్చాడు. బావ బాగా వంగి, ఊపిరి బిగబట్టి, ఒక్కటేశాడు. మట్టి లేచింది. బంతి కదల్లేదు.

"ఏం పూజారి గారూ, ఆడుతున్నారా, దండం పెడుతున్నారా?" అన్నాడాయన. అందరూ పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

బావ కర్ర వదల్లేదు. ఎదురుగా పారే గెడ్డ, అదే వాగు, చూపించి, "వానలు పడేలోగా బంతి ఆ గెడ్డ దాటిస్తాను సార్" అన్నాడు.

మేనేజరుకి ముచ్చటేసింది. పాత కర్ర ఒకటి, బంతి ఒక్కటంటే ఒక్కటి ఇచ్చాడు. "దాటిస్తే మాతో ఆడు. నీళ్లలో పడిందా, మళ్లీ నన్ను అడక్కు."

ఇక చూస్కోండి మావోడి పట్టుదల!

మా కొబ్బరితోటలో ప్రాక్టీసు. రాలిన కొబ్బరి పిందెలే బంతులు. కోచ్ నేను. గోల్ఫ్ అంటే నాకేటి తెలుసు, నా మొహం! మేనేజరు ఎలా నిలబడతాడో చూసొచ్చి చెప్పేవాణ్ణి.

"నాట్లేసినట్టు నడ్డి వంచేత్తన్నావు బావా. ఈపు తిన్నగా ఉంచు, మోకాళ్లు కొంచెం సడలించు."

చెప్తే వినే ఒళ్లా అది? చిన్నప్పట్నుంచీ గర్భగుడి గుమ్మంలో వంగి వంగి అలవాటు. ఏం చేశాడనుకున్నారు? వాళ్ల నాన్నగారి గొడుగు తెచ్చి, తువ్వాళ్లతో వీపుకి కట్టేయమన్నాడు. కట్టేశాను. వీపు గూనైతే తువ్వాలు బిగుసుకుని ఊపిరాడేది కాదు. పలాస బండి కోసం చూస్తూ నౌపడ ప్లాట్‌ఫాం మీద కూడా అదే వేషం, అదే ఊపు. "పాపం, అయ్యోరికి గాలి సోకినట్టున్నాది" అని జనం. బావ వింటేగా!

చేతులు బొబ్బలెక్కాయి. పిందెలు మాత్రం తోట దాటిపోవడం మొదలెట్టాయి.

కానీ అసలు బంతి పెడితే చాలు, మళ్లీ మట్టే లేచేది. బావ మొహం మాడిపోయేది. నాకు ఏడుపొచ్చేది.

చూడగా చూడగా విషయం దొరికింది. పిందె పోతే ఏటి, తోటంతా పిందెలే. బంతి ఒక్కటే! అది ఎక్కడ పడతాదో అన్న బెంగతో, కర్ర తగలకముందే తల ఎత్తేస్తున్నాడు. తల లేస్తే భుజమూ లేస్తుంది, ఇంక దెబ్బెక్కడ తగుల్తుంది?

"బావా, నువ్వు తల ఎత్తకు. బంతి నేను సూత్తాను."

"సూత్తావా?"

"గెడ్డ అవతల నిలబడి సూత్తాను. పడింది పడినట్టు సెప్తాను. నీ పని కొట్టడం వొరకే."

ఆదివారం వచ్చింది. గెడ్డ అవతల మోకాల్లోతు బురదలో నేను. ఇవతల మేనేజరూ, ఆ నవ్విన పెద్దమనుషులూ. సముద్రం గాలి ఎదురు కొడుతోంది.

బావ పంచె ఎగ్గట్టాడు. వీపు తిన్నగా పెట్టాడు. మోకాళ్లు సడలించాడు.

టక్!

అందరూ ఆకాశంలోకి చూస్తున్నారు. కొట్టినోడు ఒక్కడే ఇంకా నేలకేసి చూస్తున్నాడు. అలా చూస్తూనే అరిచాడు.

"ఏటయ్యింది బావా?"

"దాటీసింది! దాటీసింది బావా!"

ఆ తర్వాత మేనేజరుకి ట్రాన్స్‌ఫర్ అయ్యేదాకా, ప్రతి ఆదివారం వాళ్లతో సమానంగా ఆడాడు. పంచెతోనే. దండం అన్నాయన కూడా "రండి సోమేశ్వరరావు గారూ" అని పిలిచేవాడు.

కానీ తన జన్మలో కొట్టిన ఆ పెద్ద దెబ్బని బావ చూళ్లేదు. చూసింది నేను.

అందుకే ఇన్నేళ్లూ పెళ్లిళ్లలో, రైళ్లలో, ఫోన్లలో ఒకటే గొడవ. "మల్లీ ఓపాలి సెప్పు బావా, ఎలాగెల్లింది?"

పోయినేడు పక్షవాతం వచ్చింది. ఇక నిలబడడం కష్టం అన్నారు. కొన్నాళ్లకి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. వాకర్ పట్టుకుని, వీపు తిన్నగా, నిలబడి. కింద ఒక్క ముక్క: "గొడుగు లేకుండానే." మొండిఘటం! ఫోన్ పట్టుకుని నవ్వాను, ఏడ్చాను.

మొన్న సాయంత్రం కూడా అదే అడిగాడు. ఇంక అడగడు. అది తట్టుకోవడం నా వల్ల కావట్లేదు.

సరే బావా, అడక్కుండానే చెప్తాను.

ముందు కిందగా వచ్చింది. నీళ్లలో పడిపోతాదనుకున్నాను. గాలి కూడా వెనక్కి తోసింది. అయినా లేచింది. గెడ్డ దాటి, నా నెత్తి దాటి, వెనక ఉప్పుకుప్పలో దిగబడింది. తెలుపులో తెలుపు, ఎతకలేక చచ్చాను.

ఎల్లిరా బావా. ఏ నొప్పీ లేనిచోట హాయిగా ఉండు. ఇక్కడేటవుతాదో అని బెంగ పెట్టుకోకు. తల ఎత్తకు.

బంతి నేను సూత్తాను.