మా డాబా మీద దొంగ సిగ్నల్

మొన్న ఆదివారం నేనే ఫోన్ చేసి పోలీసులను ఇంటికి పిలిపించుకున్న! నవ్వుతున్నరా? నవ్వుండ్రి. బతికి బయటపడ్డ గానీ, గిప్పటికీ గేటు చప్పుడైతే నా గుండె దడదడమంటది.

నేను పాలిటెక్నిక్‌ల ఎలక్ట్రానిక్స్ చెప్త గదా. దూరం ఊర్ల రేడియోలు వినాలని ఇంట్లనే ఒక రిసీవర్ కట్టిన. దాంట్ల మిక్సర్ అని ఒక సర్క్యూట్ ఉంటది. దానికి మూడు దారులు. యాంటెనా నుంచి వచ్చే సిగ్నల్‌కు ఒకటి, సెట్టు లోపల పుట్టే సిగ్నల్‌కు ఒకటి, రెండూ కలిసి బయటికి పోయేటందుకు ఒకటి. ఒక దారిల పోసింది ఇంకో దారిల కారొద్దు. గదే పోర్ట్ ఐసోలేషన్. ఏటా క్లాసుల గొంతు పోయేదాకా చెప్త. గట్ల కారొద్దంటే లోపలి రెండు డయోడ్లు కవల పిల్లల లెక్క ఒక్కతీరు ఉండాలె. నేనేమో ఒకటి కొత్తది పెట్టిన, ఇంకోటి పాత టీవీల నుంచి పీకి పెట్టిన. ఏమైతదిలే అనుకున్న! డాబా మీద పొడుగు వైరు కట్టి ఆన్ చేస్తే మస్తు వినిపించింది. సంబరంగ గట్లనే వదిలేసి చాయ్ తాగనీకె దిగిన.

సగం చాయ్ కాలేదు, పక్కింటి రజాక్ భాయ్ ఉరికొచ్చిండు. మా వెనుక సందుల ఆయన పసుపు గోదాం. ఇంటికీ గోదాంకూ వాకీటాకీల మాట్లాడుకుంటరు.

"మేడం! పావుగంట సంది సెట్టుల ఒకటే కూత. మా రేట్లు ఎవడో చాటుంగ వింటున్నడు. జర పట్టుకోండ్రి!"

ఆయన చేతిల వాకీటాకీ తీసుకొని చెవిన పెట్టుకున్న. నిజమే, కుయ్యిమంటుంది! "ఎవడో దగ్గర్లనే ట్రాన్స్‌మిటర్ పెట్టిండు భాయ్. గిది నేరం. జైలే!" అని అక్కడికక్కడే పోలీసులకు ఫోన్ కొట్టిన. పేరు, ఉద్యోగం, ఇంటి నంబరు, అన్నీ అడగకముందే చెప్పిన.

ఇగ సెట్టు పట్టుకొని వేట మొదలుపెట్టిన. రోడ్డు దిక్కు పోతే కూత తగ్గింది. మా సందులకు మళ్లితే పెరిగింది. మా గేటు కాడ చెవులు పగిలినయి.

దొంగ మా ఇంట్లనే జొర్రిండా? లోపల అత్తమ్మ ఒక్కతే ఉంది! "అత్తమ్మా!" అని అరుసుకుంట ఉరికితే, ఆమె నిమ్మళంగ చిక్కుడుకాయలు ఒలుస్తుంది.

"ఏమాయెనే, గట్ల ఒర్రుతున్నవు?"

మెట్లెక్కుతుంటే కూత ఇంకా పెరిగింది. నా వెనుక రజాక్ భాయ్, చేతిల కర్ర. డాబా మీద చూస్తే ఒక్క మనిషి లేడు. నా టేబులు, నా వైరు, నా రిసీవర్.

స్విచ్ ఆపిన. కూత బంద్. మళ్ల వేసిన. కుయ్! ఆ పాత డయోడు పుణ్యాన లోపలి సిగ్నల్ యాంటెనా దారిల కారి గాలిల కలుస్తుంది. వినేటందుకు కట్టిన రేడియో తానే కూస్తుంది!

రజాక్ భాయ్ మెల్లగ కర్ర దించిండు. "అంటే మేడం... దొంగ..."

కింద బండి ఆగింది. గేటు చప్పుడైంది. నౌకరి పాయె, పేపర్ల ఫొటో పడ్తది, అది నా స్టూడెంట్లు చదువుతరు! దిగుతుంటే కళ్లకు మెట్లు ఆనలేదు.

కానిస్టేబుల్ పుస్తకం తీసిండు. "కంప్లైంట్ ఇచ్చిందెవరమ్మా?"

"నేనే సార్."

"ఎవరి మీద?"

రజాక్ భాయ్ దిక్కు చూసిన. ఆయన ఆకాశం దిక్కు చూస్తున్నడు.

"నా మీదనే సార్."