చిల్లగింజల కోసం కొండెక్కాం

ఆషాఢంలో గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే మా ఇంట్లో అందరి ముఖాలూ అదే రంగుకి తిరిగేవి. పైన ఎక్కడో కొండల్లో వానలు పడి, అక్కడి మట్టంతా కరిగి, ధవళేశ్వరం లాకుల్లోంచి మా కాలవలోకి దిగి, కాలవలోంచి మా కడవలోకి వచ్చి కూర్చునేది. చెంబు ముంచితే పప్పుపులుసు వచ్చినట్టుండేది. నూతినీళ్ళు తాగుదామా అంటే ఉప్పు కషాయం. అందుకని ఇంటింటా చిల్లగింజ ఉండాల్సిందే. కడవ లోపల తడిచేసి ఆ గింజని గంధంలా అరగదీసి నీళ్ళు పోస్తే, కాసేపటికి బురదంతా అడుక్కి దిగిపోయి పైన అద్దంలా తేటనీళ్ళు నిలిచేవి. ఆ పని ఇంట్లో ఆడవాళ్ళది. నీళ్ళు తాగి తేన్చడం వరకే మాది.

ఆ ఏడు మా అక్క పురిటికి వచ్చింది. నెలలు నిండాయి. ఏటా గింజలు అమ్మకానికి తెచ్చే మనిషి రాలేదు. ఇంట్లో ఉన్న గింజలన్నీ అరిగి అరిగి చివరికి ఒక్కటి మిగిలింది, బొత్తాంలా పల్చగా. పురిటింట్లో మట్టినీళ్ళు ఎలారా భగవంతుడా అని అమ్మ బెంగ. ఇది చాలక మా బావగారు దిగారు.

ఆయన చూసి వెళదామని వచ్చారు. చూడనూ లేదు, వెళ్ళనూ లేదు. పొద్దున్న లేచింది మొదలు నడవలో ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. మా ఇళ్ళలో అత్తగారు అల్లుడి ఎదటపడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. ఆయన నడవ ఆక్రమించేసరికి మా అమ్మ వంటింట్లో ఖైదు. చివరికి తలుపు చాటున నన్ను పిలిచింది.

"ఒరేయ్, మీ బావగారిని ఎక్కడికైనా తీసుకుపోరా నాయనా. ఆయన అలా తిరుగుతుంటే నేను పెరట్లోకి వెళ్ళలేక చస్తున్నాను."

"ఎక్కడికి తీసుకెళ్ళనే? ఆయన ఆవూ కాదు, దూడా కాదు, తోలుకుపోడానికి."

"కొండకి తీసుకెళ్ళు. చిల్లగింజలు తెండి. పని జరిగినట్టూ ఉంటుంది, ఇల్లు ఖాళీ అయినట్టూ ఉంటుంది."

అమ్మకి కళ్ళలో పొరలు. మనుషుల్ని గొంతుని బట్టీ, వస్తువుల్ని తడిమీ పోల్చుకునేది. ఆ మిగిలిన గింజని మచ్చుగా నా చేతిలో పెట్టి, ఆకు గుర్తు చెప్పింది. తొడిమ దగ్గర మొదలై మూడు ఈనెలు కొసదాకా పోతాయట. కాయలు ఎండల్లోనే పండి రాలిపోతాయి గనక గింజలు చెట్టు కిందే దొరుకుతాయట. వీధిబడిలో గుణింతాలు పూర్తికాకుండానే పంతులుగారికీ నాకూ చెడింది గాని, మూడు ఈనెలు లెక్కపెట్టే చదువు నాకుంది. బయల్దేరాం.

రాజమంద్రి దాటి, పోలవరం దాటి, కొండలు రెండు పక్కలనుంచీ గోదావరి మీదికి ఒరిగే చోట పడవ దిగాం. వెదుళ్ళు నరికేవాళ్ళు నడిచే కాలిబాట ఒకటుంది. ఎదురైన మనిషిని అడిగితే, చిల్లచెట్లు వాగు దాటాక ఉంటాయని చెయ్యి ఊపి తన దారిన పోయాడు. అంతే, అక్కడినుంచి కొండకి మా బావగారే కరణం.

ఆయనకి పదెకరాల మాగాణీ, కొబ్బరితోటా ఉన్నాయి. పచ్చగా ఉన్నదేదైనా తనకి బంధువే అనుకుంటారు. దారి పొడుగునా చెట్లకి పేర్లు పెడుతూ నడిచారు.

"అదిగో, పోకచెట్టు. పాపం, తెగులు తగిలినట్టుంది."

"అది జీలుగు చెట్టండి బావగారూ. ఇక్కడివాళ్ళు కల్లు తీస్తారు. తెగులన్నారంటే అది ఎవరికి తగులుతుందో చూపిస్తారు."

"నాకు తెలుసులేరా. నీకు తెలుసో లేదోనని అన్నాను."

అడ్డాకు తీగ ఒకటి చెట్టుకి పెనవేసుకుని ఉంది. ఒక్కొక్క ఆకూ చేటంత. దాన్ని చూసి మాత్రం ఆయన నిజంగా ముచ్చటపడ్డారు. బారసాలకి విస్తళ్ళు ఇక్కడినుంచే తెప్పిద్దామన్నారు. బిడ్డ పుట్టకుండానే భోజనాలదాకా వెళ్ళిపోయారు. ఇంకాస్త పైన సుగంధపాల తీగ దొరికింది. వేరు తుంపి వాసన చూపిస్తే, "ఇది మీ అక్కకి మంచిది కదూ?" అన్నారు. కరక్కాయ చెట్టు కనిపిస్తే, "ఇదో, మీ అక్కకి?" ఇప్పచెట్టు దగ్గర కూడా అదే ప్రశ్న. ఇప్పపువ్వుతో సారా కాస్తారని చెప్పాక కాసేపు ఊరుకున్నారు.

ఆ ఊరుకోవడంలోనే గభాలున గెంతారు. చూద్దును గదా, దారి పక్కన మచ్చల మచ్చలుగా నిలబడి ఉంది అడవికంద కాడ. పైన గొడుగులా ఆకు.

"పాము అనుకున్నారాండి?"

"ఛ ఛ. బురద ఉంటే దాటాను."

"మరి బురద అటు పక్కన ఉంటే ఇటు గెంతారేంటండి?"

"నోరుముయ్యరా వెధవా" అన్నారు ప్రేమగా. బావమరిదిని అలా అనే హక్కు ఆయనకి పెళ్ళిలో పెట్టిన బట్టలతోపాటే వచ్చింది.

వాగు దాటాక చెట్లు కనిపించాయి. ఆకు కోసి చూశాను. మూడు ఈనెలు, కొసదాకా. కాని అలాంటి ఆకు ఉన్న చెట్లు రెండు రకాలు పక్కపక్కనే నిలబడ్డాయి. ఒకదాని కింద రేగిగింజలంత గుండ్రటి గింజలు రాలి ఉన్నాయి. రెండోదాని కింద కాస్త పెద్దవి, బల్లపరుపుగా, బిళ్ళల్లాంటివి. నేను మచ్చు తీసి అరచేతిలో పెట్టాను. ఇద్దరం తలలు ఆనించి చూశాం. మచ్చు పల్చగా, బిళ్ళలా ఉంది.

"ఇంకేం చూస్తావురా? బిళ్ళగింజలే. ఆ గుండ్రటివి ఉత్త పిందెలు, ముదరనివి" అని తీర్పు చెప్పేశారు. పైగా ఒక బిళ్ళ తీసుకుని బుగ్గకి రాసుకుని, "ఎంత నున్నగా ఉందో చూడు, పట్టుగుడ్డలా. మీ అక్క చేతికి నొప్పి పుట్టదు" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. ఉత్తరీయం పరిచి మూటకట్టాం.

రేవుకి దిగేసరికి ఒక్క పడవ ఉంది. వరదలో మునిగేంత బరువుతో ఉంది. ఇంక మనుషుల్ని ఎక్కించుకోనన్నాడు సరంగు. అందులో మా ఊరి కొబ్బరి వర్తకుడు కనిపించాడు. మేం వచ్చేదాకా ఇంట్లోవాళ్ళు తేటనీళ్ళకి ఆగడం దేనికని, మూట ఆయన చేతికిచ్చి మా అమ్మకి అందించమన్నాం. రొంటిన దోపుకున్న నాలుగు గింజలు మాత్రం నా దగ్గర ఉండిపోయాయి. మర్నాడు వేరే పడవ దొరికింది.

పడవలో మా ఎదట ఒక షావుకారు కూర్చున్నాడు. కొండల్లో కరక్కాయలూ కుంకుళ్ళూ కొని కాకినాడ రేవుకి పంపే మనిషి. పొట్ట మీద చేతులు పెట్టుకుని ఊరూరి కబుర్లూ చెబుతున్నాడు. నేను తోచక రొంటినున్న గింజలు తీసి అచ్చనగాయల్లా ఎగరేస్తున్నాను. ఆయన కబురు మధ్యలో ఆపేశాడు.

"ఆటకి ఇవే దొరికాయా బాబూ? ముషిడిగింజలు."

"కాదండి, చిల్లగింజలు" అన్నారు మా బావగారు, కొండ కరణం హోదాలో.

"నేను బస్తాలకొద్దీ తూచేవాణ్ణండి. వైద్యులు విషముష్టి అంటారు. కుక్కలు మితిమీరితే ఒకటి నూరి అన్నంలో పెడతారు."

నేను మచ్చు తీసి చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి పొట్ట ఊగేలా నవ్వాడు. "ఇది చిల్లగింజేనండి. కాకపోతే అరిగిపోయింది! చెట్టునుంచి రాలినప్పుడు ఇదీ గుండ్రంగానే ఉంటుంది. మీ ఇంట్లో ఆడవాళ్ళు ఇన్నేళ్ళు అరగదీసి బిళ్ళ చేశారు."

ఆ నవ్వులో నేను కలవబోయాను. బావగారి ముఖం చూసి ఆగిపోయాను.

"అరగదీసి నీళ్ళలో కలిపితే?" అన్నారాయన.

షావుకారు నవ్వు మానేశాడు. గోదావరి కేసి చూశాడు. "పరమ చేదుగా ఉంటుంది లెండి. ఎవరూ గుక్క మింగలేరు."

"మా ఇంటిది పురిట్లో ఉందండి. ఏ కషాయం పోసినా కళ్ళు మూసుకుని తాగమని నేర్పించారు. చేదని చెప్పదు, ఉమ్మదు."

ఎర్రనీటి మీద చెట్లూ, గడ్డివాములూ మమ్మల్ని దాటి పరుగెత్తుతున్నట్టున్నాయి. వరదలో పడవ ఎంత వేగంగా పోతున్నా, అది నిలబడి ఉన్నట్టే ఉంది మా ప్రాణాలకి. ఏదైనా వేళాకోళం ఆడి ఆయన్ని తేలిక పరుద్దామని నోరు తెరిచాను. లోపల ఒక్కటీ లేదు. మా అమ్మ తడుముతూ కడవలో గింజ అరగదీయడం, తేరిందో లేదో చూడలేక అక్కకి పోసి ఇవ్వడం, అదే కళ్ళకి కట్టింది.

ధవళేశ్వరం లాకు దగ్గర పడవలు బారులు తీరి ఉన్నాయి. మా వంతు వచ్చేదాకా ఆగే ఓపిక ఆయనకి లేదు. గట్టుమీదికి దూకి కాలవ వెంట పరుగు మొదలుపెట్టారు. వెనకాల నేను. ఆ భారీ మనిషి పంచె ఎగగట్టి, పడవలు లాగే కూలీలని తప్పించుకుంటూ, మోకాటిలోతు బురదలో పరుగెత్తడం ఇంకో రోజైతే నాకు ఏడాదికి సరిపడా నవ్వు. ఆవేళ మాత్రం ఆయన కంటే ముందు నేనే చేరాలని పరుగెత్తాను. చేరలేకపోయాను.

వాకిట్లో అడుగు పెట్టేసరికి పురిటిగది లోంచి అక్క గొంతు వినిపించింది, నీరసంగా. "దాహమే అమ్మా, గుక్కెడు నీళ్ళు పొయ్యండే."

బావగారు తలుపు తోసుకుని లోపలికి దూసుకుపోయారు. పురిటిగదిలోకి మగవాడు! పైగా మొగుడు! మంత్రసాని అక్క నోటి దగ్గర గిన్నె పెడుతోంది. ఆయన దాన్ని ఒక్క దెబ్బ కొడితే గోడకి తగిలింది. అక్కడితో ఆగారా, మూలనున్న కడవని కాలితో తన్నారు. అది బద్దలై నీళ్ళు గుమ్మందాకా పారాయి. మంత్రసాని కెవ్వుమంది. అక్క పక్కన గుడ్డల మూటలో ఏదో ఆమె కంటే గట్టిగా కెవ్వుమంది.

"అమ్మా, ఆ గింజలు! కొండనుంచి పంపినవి! నీళ్ళలో వేశావా?" అని నేను గుమ్మంలోంచి అరుస్తున్నాను.

అమ్మ తలుపు చాటుకి వెళ్ళింది. అంత గొడవలోనూ అల్లుడి ఎదట పడలేదు. ఆయనకి చెప్పాల్సిందంతా నాకు చెప్పింది.

"ఏరా, బొచ్చుగింజలు చిల్లగింజలవుతాయిరా? మూట విప్పి చెయ్యి పెట్టానో లేదో, ఎలక చెవి తడిమినట్టుంది! ఎవడి బుద్ధి ఇది? గొయ్యి తీయించి పాతేశాను. పక్కింటావిణ్ణి బతిమాలి గింజ తెచ్చుకుని, నిన్ననగా తేర్చిన నీళ్ళు అవి. కాచి చల్లార్చి పెట్టాను. ఊరంతా వెతికినా మరో చెంబుడు దొరకదు. తన్నేశారు! తన్నేశార్రా!"

ఆ తిట్టు చెవికి ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. బావగారు నేలమీద, ఆ పారిన నీళ్ళలోనే చతికిలబడి, ముఖం చేతుల్లో పెట్టుకుని భోరుమన్నారు. అక్క తల కాస్త ఎత్తి ఆయన్ని చూసింది. "వచ్చారా? ఏడుపు తరవాత గాని, ముందు నన్ను కాస్త నీళ్ళు తాగనివ్వండి" అంది.

మంత్రసాని మమ్మల్నిద్దర్నీ మైల మైల అంటూ చీపురుతో కాలవదాకా తరిమింది. పీకలదాకా ఎర్రనీళ్ళలో నిలబడి తలలు ముంచుతున్నాం. ఆయన ఒక మునక వేసి పైకి లేచి, నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగారు.

"ఒరేయ్, ఆడపిల్లా, మగపిల్లాడా?"

"లోపలికి వెళ్ళింది మీరండి బావగారూ!"

"నేను గిన్నె కేసి చూశాను గాని, పిల్ల కేసి ఎక్కడ చూశాను?"

తడిబట్టలతో పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి అడిగాను. అమ్మ తలుపు చాటునుంచే నాకు జవాబు చెప్పింది.

"మీ బావగారితో చెప్పు. పక్కింట్లో ఇంకో గింజ అడిగాను, ఇస్తామన్నారు. ముందు రెండు కడవల నీళ్ళు తెమ్మను. తరవాత చెబుతాను."

అత్తవారింట అల్లుడు కడవ ఎత్తడం మా వీధి అంతకు ముందు చూడలేదు. అరుగుల మీద మనుషులు లేచి నిలబడ్డారు. ఆయన ఎవరికేసీ చూడలేదు. ఒకటి భుజాన పెట్టుకుని, రెండోది నన్ను ముట్టుకోనివ్వకుండా చేత్తో పట్టుకుని, దారంతా తొణుకుతూ నడిచారు. కడవలు దించి, చేతులు తుడుచుకుని, తలుపు కేసి తిరిగి బడిపిల్లాడిలా నిలబడ్డారు.

లోపల గింజ అరగదీస్తున్న చప్పుడు కాసేపు వినిపించింది. తరవాత అమ్మ గొంతు, ఈసారి మెత్తగా.

"ఆడపిల్లని చెప్పరా. తల్లీ పిల్లా క్షేమం."