కనుమలో పరిచిన పడుగు

మొన్న కొత్త పంచె మడత విప్పితే గంజి వాసన గుప్పుమంది. దాని వెంటే ఆదోని కొండల్లోని పాత రైలుదారి కూడా వచ్చి కూర్చుంది. యాభైల నాటి మాట. రాళ్ళు మోసేందుకు ఎవరో ఎప్పుడో కనుమ గుండా వేసిన దారి. పట్టాలు పీకేసినారు, చదునైన కట్ట మిగిలింది. రెండు పక్కలా ఆకాశాన్నంటే కొండలు, అడుగడుగునా చిరుతపులులు. సరే, కొండలు మా మిద్దెకు నాలుగింతలుంటాయేమో. చిరుతను ఒక్కదాన్నే చూసినా. అదీ మేకే. మేక మాత్రం నిజం.

మా అక్క మొగుడు, అంటే మా బావ, ఎమ్మిగనూరులో వాళ్ళ నాయనతో తగాదా పడి మా ఊరొచ్చి సొంతంగా మగ్గం పెట్టుకున్నాడు. నేతకేం, బాగా వచ్చు. కానీ మగ్గానికెక్కించే నిలువు పోగుల్ని, అదే పడుగును, గంజి పెట్టి వీధి పొడుగునా సాగదీసి ఆరబెట్టాల. మా వీధిలో తెల్లారకముందే పత్తిబండ్లు. ఈ మొదటి పడుగు చెడితే మళ్ళీ నూలిచ్చేవాళ్ళు లేరు. సామాన్లు సర్దుకొని అత్తగారింటికి తిరిగిపోవాల. ఆ మాటంటేనే అక్కకు అన్నం దిగదు.

ఊరికే చూసొద్దామని బావను కనుమకు పిల్చుకొని పోయినా. నేను ఎర్రబండలు, సీతాఫలం పొదలు, కింద మెరిసే నీటిమడుగు చూపిస్తాంటే ఆయన కట్టనే చూస్తాండాడు.

"ఎంత తిన్నగుందప్పా! బండీ లేదు, గొడ్డూ లేదు. దేవుడు మనకోసమే వేయించినాడు."

"దేవుడు కాదు బావా, దొరలు."

మర్నాడు పొద్దున్నే గుంజలు పాతి పడుగు సాగదీసి, గంజి పూసి కుంచెతో దువ్వినాం. ఎండెక్కేసరికి గాలి లేచింది. బావ ఎప్పుడూ వీధిగోడల చాటున ఆరబెట్టుకునే నేతగాడు. కొండల సందులో గాలి ఎట్లా దూసుకొస్తాదో మాకేం తెలుసు? గుంజలు పెరికి, పడుగును తుమ్మపొదల మీదికి విసిరింది. ఆదోని కోట దాకా ఎగిరిందని చాలామందికి చెప్పినా. పొదల దాకానే.

సద్ది తెచ్చిన అక్క చూసి నిలబడిపోయింది. "రైలు గుద్దినట్టుందే! మీ ఇద్దర్నీ జతగా పంపిన నన్ను అనాల."

బావ తలెత్తలేదు. "ఎమ్మిగనూరికే పోదాంలే."

"నువ్వు పో. నేను పోగులు అతుకుతా."

ఆమె కూర్చుంటే మేమూ కూర్చున్నాం. ముళ్ళలోంచి ఒక్కో పోగు విడదీసి, తెగినచోట వేళ్ళతో మెలిపెట్టి అతికినాం. పొద్దుగూకేసరికి పడుగు పొడుగు సగానికి తగ్గింది. ఆ సగంతోనే చీరలు దిగినాయి; మగ్గం ఊరు దాటలేదు.

ఆ కనుమ అందం గురించి ఎన్నో కతలు చెప్తాను గానీ, ఆ పగలంతా తలెత్తి చూసిందే లేదు. ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఏండ్లకేండ్లు ఒక్క సంగతీ మిగల్చకుండా జారిపోయినాయి. ఆ ఒక్క పగలు మాత్రం నాకింకా గడవలేదు.