తగిలినప్పుడు చెప్పండి

"కళ్లు మూసుకోండి బాబాయ్ గారూ. చేతిమీద దూది తగిలినప్పుడల్లా 'ఆ' అనండి. తగలకపోతే ఊరుకోండి," అంది భానుశ్రీ.

భవానీపురంలో మందుల షాపు పైన రెండు గదుల ఫిజియోథెరపీ క్లినిక్ ఆమెది. మల్లేశ్వరరావు కళ్లు మూసుకున్నాడు. పక్షవాతం వచ్చిన ఎడమ చెయ్యి బల్లమీద వెల్లకిలా పడి ఉంది, ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువులా. ఈ పరీక్ష గట్టెక్కితే రేపు పొద్దున్నే సొంతూరు పెడనకు రైలెక్కవచ్చు. లేకపోతే అతని మగ్గం మీద మరో నేతగాడు వెంకటప్పయ్యను కూర్చోబెడతానని షావుకారు దుర్గాప్రసాద్ చెప్పేశాడు. పెళ్లిళ్ల రోజులు, చీరలు ఆగవు. సాయంత్రంలోగా ఫోన్ చేస్తానన్నాడు.

మీసాలు రాకముందే తండ్రి పక్కన మగ్గం గుంటలోకి కాళ్లు దించినవాడు మల్లేశ్వరరావు. కుడి చేత్తో తాడు లాగితే పోగును మోసుకుని నాడె పరిగెత్తాలి. ఎడమ చేత్తో కొయ్య లాగి పోగును బిగించాలి. బతుకంతా ఆ రెండు కదలికలే. ఒక ఏడు చేనేత దినం నాడు వేదిక ఎక్కించి భుజాల మీద శాలువా కప్పారు. పక్కన నిలబడి ఫొటో దిగినవాళ్లు, ఆ భుజాల్లో ఒకటి పడిపోయాక అతని వీధి మొహం చూడలేదు. జబ్బు వచ్చిన పూట కూడా అతను మగ్గం మీదే ఉన్నాడు. తల తిరగకముందే గుడ్డకు తెలిసింది. నాలుగు వేళ్ల మేర నేత వదులైంది. అది తన చెయ్యేనని తెలియక నూలును తిట్టుకున్నాడు.

భానుశ్రీ కూర్చున్న కుర్చీ కిర్రుమంది.

"ఆ," అన్నాడు. నిజానికి చేతికి ఏమీ తెలియలేదు. ఆమె ముందుకు వంగినప్పుడల్లా కుర్చీ కిర్రుమంటోంది. మధ్యలో ఒక ఊపిరి. మళ్లీ కిర్రు. మగ్గం చప్పుడు మధ్య పెరిగిన చెవికి అంత చాలు. "ఆ." ఊపిరి. "ఆ." లయ కుదిరాక ఇక చెవి కూడా అక్కర్లేకపోయింది.

"ఆ," అన్నాడు. "ఆ."

గదిలో ఫాను చప్పుడే వినిపిస్తోంది. కళ్లు తెరిచాడు. దూది పళ్లెంలో ఉంది. భానుశ్రీ చేతులు కట్టుకుని కూర్చుంది.

"చివరి రెండుసార్లూ నేను ముట్టుకోలేదు బాబాయ్ గారూ. నా దగ్గర కూడా మగ్గం నేసేస్తున్నారు."

"పొరపాటున వచ్చేసిందమ్మా."

గోడవార స్టూలు మీద అతని భార్య బాలత్రిపురసుందరి కదిలింది. "నిన్న కాఫీ గ్లాసు ఆ చేత్తోనే పట్టుకున్నారమ్మా. పొగలు కక్కుతోంది. నేను లాక్కునేదాకా వదల్లేదు. పైగా చూశావా నా పట్టు అని నాకే డబ్బా."

"నిన్నెవరడిగారే?"

"ఎవరూ అడగరు. అందుకే చెప్తున్నా."

భానుశ్రీ అతని చేతిని వెలుగు వైపు తిప్పింది. వేళ్ల మొదట్లో చర్మం ఎర్రగా కమిలి ఉంది.

"పిడికిలి వచ్చింది. నడుం వంచి దొంగాట ఆడకపోతే భుజం సగం దాకా లేస్తోంది. కానీ చర్మానికి ఇంకా తెలియట్లేదు. కొయ్య కింద వేలు నలిగితే, రక్తం చూశాకే మీకు తెలుస్తుంది."

"చూసుకుంటూ నేస్తా."

"చెయ్యి చూసుకుంటూ కూర్చుంటే నాడె ఎవరు చూస్తారు?"

"అయితే బంతులు పిసుక్కుంటూ ఇక్కడే ఉండమంటావా? నువ్వు సాయంత్రం తలుపేసుకుని ఇంటికెళ్తావ్. నా గుంటలో ఇంకొకడు కూర్చుంటాడు."

"నేను సరే అంటే వెళ్లిపోతారు. అందుకే అనను." ఆమె బియ్యం పోసిన పళ్లెం తెచ్చి, అందులో రెండు బొత్తాలు, ఒక దారపు ముడి కలిపింది. "ముందు చూస్తూ ఈ చేత్తో వెతకాలి. తర్వాత కళ్లు మూసుకుని. ఎప్పటికి తెలుస్తుందో, అసలు తెలుస్తుందో లేదో నేను మాటివ్వలేను."

అతని జేబులో ఫోన్ మోగింది.

"ఏంటి మల్లేశూ, డాక్టరమ్మ ఏమంది? రేపు కూర్చుంటావా?" షావుకారు గొంతు గదంతా వినిపించింది.

కూర్చుంటానంటే అడ్డుకునేవాళ్లు లేరు. భానుశ్రీ కిటికీ వైపు చూస్తోంది. భార్య చీర కొంగును వేలికి చుట్టుకుంటోంది. మాట నోటిదాకా వచ్చి ఆగింది. మళ్లీ ఆ నేత వదులైతే ఈసారి నూలును తిట్టుకోవడానికి కూడా ఉండదు.

"కూర్చోలేనండీ. వెంకటప్పయ్యని పిలవండి. నేత ఆగినచోట నాలుగు వేళ్లు వదులుగా ఉంటది. నూలు తప్పు కాదు, అది నాదేనని చెప్పండి."

"మరి తర్వాత సంగతో?"

"తర్వాత చూద్దాంలెండి."

ఫోన్ భార్య చేతికిచ్చాడు. కుడి చేత్తో ఎడమ చెయ్యి పట్టి బల్లమీద పెట్టుకున్నాడు.

"కానీయమ్మా," అని కళ్లు మూసుకున్నాడు.

కుర్చీ కిర్రుమంది. గొంతులోకి 'ఆ' దానంతటదే ఎగదన్నుకొచ్చింది. పెదాలు బిగబట్టాడు. మళ్లీ కిర్రుమంది.

"తగిలిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదమ్మా."

భానుశ్రీ దూది పక్కన పెట్టి, బియ్యం పళ్లెం అతని ముందుకు జరిపింది.